ఆరు గ్రాములు ఎక్కువ

మా బోరింగు నీళ్లు మొండియి.
పప్పును ఉడకనియ్యయి, సబ్బును నురగనియ్యయి.
బకెట్టు అంచుకు రోజుకొక తెల్లగీత గీసి
లెక్క రాసుకుంటయి,
ఎవలు ఎంత బాకీ ఉన్నరో.

ప్రాణహిత కనపడేంత దూరమే.
ఎండకాలం మాత్రం ఇసుకంత దాటి
నీళ్ల అంచు దొరికేసరికి
బిందె నింపే ఓపిక ఉండది.
సిరొంచల మా గల్లికి ఈ బోరింగే గతి.

ఏరాలు బానక్క ఇప్ప పలుకులు గానుగకిచ్చి
రెండు డబ్బాల నూనె తెచ్చింది.
బచత్ గటు లోను తీసుకున్నం గదా,
వడ్డి ఇగ నురుగుల్నుంచే ఎల్లాలె.

మొదటి కాపు ముద్దుగనే గడ్డకట్టింది.
ఒంటికి రాస్తేనే తెలిసింది,
విరిగిన పాల లెక్క తరకలు తరకలు.
నా బిడ్డ తల దువ్వితే
దువ్వెన పండ్లల్ల బూడిదరంగు మడ్డి.

"సబ్బు తప్పు గాదు, నీళ్లల్ల సున్నముంది"
ఆశ్రమశాల మడావి సారు చెప్పిండు.
"నిమ్మఉప్పు కలిపి చూడుండ్రి."
చీటి మీద మరాఠీల రాసిచ్చిండు: లింబూసత్.
శరబతుకు కొనే పొట్లమే, కిరాణంల దొరికేదే.
"సబ్బుల పులుపేంది, చారు పెడుతున్నరా?"
అత్త నవ్వి నవ్వి దగ్గింది.

కిలో నూనెకు తులం వేసినం.
రెండో కాపు కత్తికి అంటుకున్నది.
పది రోజులు ఆరబెట్టినా చేతికి జిడ్డే.
బానక్క ఏమనలే.
ఆ ముద్దంత గిన్నెలు తోమేతందుకు
నాలుగిండ్లకు పంచింది.

సారు మళ్ల వచ్చి బండ మీద సుద్దతో గీసిండు.
పులుపు ముందుగాల కాస్టిక్‌ను తింటదట.
నూనెకు పోవాల్సిన పాలుల నుంచి కోసుకుంటదట.
దాని పాలు దానికి వేరే తూచి పెట్టకపోతే
నూనె నూనెగనే మిగులుతదట, ఆకలితోని.

తులానికి ఆరు గ్రాములు.
ఔసులాయన దగ్గర తక్కెడ అడుక్కొచ్చినం.
ఆరు గ్రాముల గుండు లేదు.
ఆయన గల్లాపెట్టె గెలికి
పాత పసుపుపచ్చ అయిదు రూపాయల బిళ్ల తీసిండు.
"సరిగ్గ ఆరే. తూచింది సర్కారు, నేను గాదు."

ఆ రాత్రి నీళ్లల్ల ముందు నిమ్మఉప్పు కరిగించి,
ముక్కుకు కొంగు కట్టుకొని
కాస్టిక్ కొంచెం కొంచెం ఒంపినం.
గిన్నె లోపల ఎవరో పండ్లు కొరుకుతున్నట్టు సప్పుడు.
పొగ. చేయి పెట్టరాని వేడి.
నిమ్మఉప్పు ఇగ నిమ్మఉప్పు గాదు.
పులుపు పోయింది, దాన్ని తాకినంత మంటా పోయింది.
రెండూ పోయినంక మిగిలిందేదో
నీళ్లల్ల సున్నం చేయి పట్టుకొని
పక్కకు తీసుకపోయి కూసుండబెడుతదట.

నూనె పోసి కలుపుతున్న.
బానక్క పొయ్యి దిక్కు చూసుకుంట అన్నది:
"మా ఆయన, నీ మొగడు నడిమి గోడకాడ కొట్టుకుంటుంటే
పన్నెండేండ్లు నేను నడుమల పడ్డ.
నా పాలు ఎవలన్న తూచి పెట్టిన్రా?"

కర్ర ఆపలే నేను.
ఆపితే పేరుకుంటదని గాదు.
ఏమనాల్నో తెల్వక.

తెల్లారి ఆమె చాయల చక్కెర
ఒక చెంచ ఎక్కువేసిన.
తియ్యగైందని తిట్టింది.

నాలుగు వారాలు తడక మీద ఆరినయి సబ్బులు,
ఇప్పపువ్వు వాసన లేదు, ఉత్త నూనె వాసన.
మొదటిది నా బిడ్డకే.
బోరింగు నీళ్లల్ల, ఆ మొండి నీళ్లల్లనే,
మోచేతి దాక నురుగు.
దువ్వెన తేటగ వచ్చింది.
బకెట్టు అంచు గీత మాత్రం పోలే.
అది నీళ్ల సొంతం, ఉండనీ.

ఐసు బండి గంట ఇని
బిడ్డ గూట్లె పసుపు బిళ్ల అందుకున్నది.
"గది గాదు!" బానక్క గదిమింది.
కొంగుముడి ఇప్పి వేరే బిళ్ల ఇచ్చింది.

ఔసులాయనకు తిరిగియ్యాలె అది.
రేపు, రేపు అనుకుంటనే
ఇంకా ఇయ్యలే.